నూనె చుక్క వెంట, కాప్రా నుంచి నేరేడ్‌మెట్ దాకా

నా జీపు ఒక మనిషి తుంటి విరగ్గొట్టిందని రాసి మా కాలనీ గేటుకి అంటించారు. నన్ను అడగలేదు. జీపు కింద తల పెట్టి చూసినవాడు లేడు. "నూనె కారు పాత మిలిటరీ వాహనమును యజమాని ఆదివారము లోపు తొలగించవలెను, లేనియెడల సంఘమే తొలగించును" అని అచ్చు వేయించి, కింద రెండు గీతలు కూడా గీశారు.

అది బుధవారం. ఆ ఒక్కరోజే సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కదానికీ జవాబు లేదు. గురువారం జీపు తీసుకుని బయల్దేరాను. మూడు రోజులు తిరిగాను. సికింద్రాబాద్‌లో నూనె చుక్క పుట్టిన చోటు వెతుక్కుంటూ ఎవరూ యాత్ర చేసి ఉండరు కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కాప్రా, గేటు దగ్గర

నేను చదివింది నాలుగో తరగతి. మల్కాజిగిరిలో కరెంటు మోటార్లకు వైండింగ్ చేసి బతికాను. పాతికేళ్ల కిందట సైన్యం వాళ్లు పాత బళ్లు వేలం వేస్తే, పాడుకున్న వ్యాపారి దగ్గర ఈ జీపు కొన్నాను. చిన్నప్పుడు కంటోన్మెంటు రోడ్ల మీద ఇలాంటివి వరసగా వెళ్తుంటే లెక్కపెట్టుకుంటూ వెంట ఉరికినవాణ్ని. జీపుతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. అది చదవడానికి డిక్షనరీ ముందేసుకుని యాభయ్యో ఏట ఇంగ్లీషు నేర్చుకున్నాను. చివరి పేజీలు చెదలు తినేశాయి. తిన్నంత మేర నా సొంత తెలివే.

పాత బండి కాబట్టి ఇంజను కింద రోజూ నాలుగు చుక్కలు కారతాయి. దానికి రేకు ట్రే పెట్టాను. ట్రే తప్పించి కాలనీ నేల మీద నా చుక్క పడిందని పాతికేళ్లలో ఎవరూ అనలేదు.

పడిపోయింది సుభద్రమ్మ గారు. కాకినాడ వైపు నుంచి వచ్చి మా కాలనీలో స్థిరపడి ముప్పయ్యేళ్లు. హైస్కూల్లో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. నీళ్లు రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా నేను పత్రికలకీ ఆఫీసులకీ ఉత్తరాలు రాస్తాను. ఆమె ఎర్ర పెన్నుతో దిద్దుతారు. "రాజలింగం గారూ, ఒక్క వాక్యంలో ఎన్నిసార్లు కోప్పడతారండీ? ఒకసారి చాలు" అంటారు. ఆ బుధవారం రాసిన మూడింటినీ దిద్దేవాళ్లు లేరు.

సోమవారం పొద్దున పాల ప్యాకెట్ కోసం వస్తూ ఆమె నా జీపు వెనకాల పడ్డారు. చప్పుడు విని ఉరికి వచ్చాను. వంగి చూశాను. ట్రే తన చోటే ఉంది. పొర్లలేదు, జరగలేదు. ఇంతకంటే రుజువేం కావాలి? ఆమెను ఆటోలో ఎక్కించి పంపాక, పడిన చోట అరచేయంత తడి కనిపిస్తే గుడ్డతో అద్ది ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టాను. పాడు వాసన. మురుగు మోరీ వాసన అనుకున్నాను. జీపు వెనక భాగం కారే ప్రసక్తే లేదు, పోయిన వేసవిలో నా చేతులతో నేనే బందోబస్తు చేశాను.

కోపం అంతా నిజమే కానీ, కోపం కింద భయం ఉంది. మా అమ్మ బావి గచ్చు మీద జారి తుంటి విరిగి మంచాన పడింది. మళ్లీ లేవలేదు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఈ వయసులో తుంటి విరగడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తడి నాదైతే? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి నాకు. జవాబు దొరుకుతుందేమోననీ భయమే.

"గంత బాధైతే దవాఖానకు వోయి ఆమెను చూసి రారాదు?" అంది నా భార్య భాగ్యమ్మ.

"ముందు నిజం తేలనీ."

"ఆమె కాలు ఇరిగింది నిజమే గదా. ఇంకేం నిజం గావాలె నీకు?"

గుడ్డా పెట్రోలూ అందుకున్నాను. నూనె ఎక్కణ్నుంచి కారుతోందో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జీపు పొట్ట మొత్తం పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరాక తెల్లగా పౌడరు చల్లి, నడిపి చూడాలి. నూనె ఎక్కడ పుడితే అక్కడ నల్లటి గీత పడుతుంది. భాగ్యమ్మ పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాను.

"ఏందీ, పెండ్లికి తయారు చేస్తున్నవా దాన్ని?" అంది. జీపు గంధం వాసనతో బయల్దేరింది.

గురువారం, ఆలుగడ్డబావి దిగుడు

నేరేడ్‌మెట్ చౌరస్తా దాటేటప్పుడు ఆగలేదు. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న ఊరు, అక్కడేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

పాత జీపు రోడ్డెక్కితే జనం మర్యాద మారిపోతుంది. కారుకి దారివ్వని స్కూటరు వాడు జీపుకి దారిచ్చి, పక్కన వస్తూ ఫోనులో ఫొటో తీసుకుంటాడు. మెట్టుగూడ దగ్గర ఒకాయన సెల్యూట్ కూడా చేశాడు. మామూలు రోజైతే ఛాతీ పొంగేది. ఆ రోజు వాళ్లు నా వెనక రోడ్డు మీద ఏం పడుతోందో చూస్తున్నారేమో అనిపించింది. అద్దంలో చూసుకుంటూనే నడిపాను.

ఆలుగడ్డబావి దగ్గర రైలు వంతెన కిందికి రోడ్డు దిగుతుంది. ముందు సిటీ బస్సు ఆగింది. బ్రేకు తొక్కాను. పెడలు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. ముక్కు కుడికి లాగుతోంది. వెనక ఎడమ చక్రం తనకేమీ పట్టనట్టు దొర్లుతోంది. గేరు దించాను, ఇంజను అరిచింది, హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో గుంజాను. బస్సుని తప్పించుకుని రోడ్డు పక్కన జామకాయల బండికి జానెడు దూరంలో ఆగింది.

ఆ బండామె వయసు యాభై ఉంటుంది. కదల్లేదు. చేతిలో కత్తి అలాగే ఉంది.

"ఏం పెద్దాయనా, మిలట్రీ బండి ఉంటే మా మీద యుద్ధానికొస్తవా?"

 స్టీరింగ్ పట్టుకున్న చేతులు విడిపోవడం లేదు.

నా మొహం చూసి ఆమె గొంతు మార్చింది. "దిగు, దిగు. జెర నీళ్లు తాగు. అయ్యో, గజగజ వణుకుతున్నవ్ గదనే! ఇంట్ల చెప్పొచ్చినవా?"

తన సీసాలో నీళ్లు పోసింది. ఉప్పుకారం అద్దిన జామకాయ ముక్క చేతిలో పెట్టింది. సిగ్గుపడి రెండు కిలోలు కొన్నాను. మా కాప్రాలో జామకాయలకి ధర రాసిన అట్టముక్క గుచ్చుతారు, బేరం ఉండదు. ఈమె కిలో ఎనభై చెప్పి, నేనేమీ అనకముందే అరవైకి దించింది. "భయపడ్డోని దగ్గర ఎక్కువ తీస్కోవద్దు" అంది.

వంగి చూస్తే, వెనక ఎడమ చక్రం లోపలి వైపు పౌడరు మీద నల్లగా, వేలెడు మందాన గీత.

రెజిమెంటల్ బజార్

రెండో గేరు దాటకుండా బజారు చేరాను. ఇక్కడ పాత బళ్ల సామాన్లు అమ్మే యాదగిరి దుకాణం ఉంది. మా వైపు కొత్త దుకాణాల్లో సామాను పేరు చెబితే కంప్యూటర్లో కొట్టి చూస్తారు. ఇక్కడ పేరు చెప్పినా, నంబరు చెప్పినా, పుస్తకం తెరిచి బొమ్మ చూపించినా పనికిరాదు. పాత ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాలి. యాదగిరి దాన్ని కళ్లతో చూడడు. బొటనవేలితో అంచు తడుముతాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, ఆ తర్వాత లోపలికి వెళ్లి దాని జోడీ తెస్తాడు.

"ముక్క తీస్కరా సార్. ముచ్చట తర్వాత."

దుకాణం ముందే మెకానిక్ చక్రం విప్పాడు. డ్రమ్ము ఊడి రాగానే లోపల చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు కట్టలు నూనెలో నానిన బజ్జీల్లా మెరుస్తున్నాయి. వెనక ఇరుసులో చిక్కటి గేరు నూనె ఉంటుంది. అది చక్రంలోకి రాకుండా ఒక రబ్బరు సీలు ఆపుతుంది. ఆ సీలు పెదవి తిరగబడి ఉంది.

యాదగిరి దాన్ని వాసన చూసి నా ముక్కు ముందు పెట్టాడు. "గేర్ ఆయిల్. కుళ్లిన కోడిగుడ్డు లెక్క కొడ్తది. ఇంజన్ ఆయిల్ గిట్ల కొట్టదు."

ఆ వాసన నాకు తెలుసు. సీటు కింద ప్లాస్టిక్ కవర్లో ఉంది.

ఎవరూ చూడకుండా కవరు ముడి విప్పాను. సోమవారం నాటి గుడ్డ. ఒక్కసారే వాసన చూశాను, మళ్లీ కట్టేశాను. మోరీ కాదు. నా ట్రే ఇంజను కింద ఉంది, సుభద్రమ్మ గారు పడింది వెనక ఎడమ చక్రం పక్కన.

"ఏమైంది సార్? చాయ్ చెప్పనా?" అన్నాడు యాదగిరి.

చాయ్ ఇరవై రూపాయలు, పక్కన ఖారా బిస్కెట్లు. మంచి చాయేనని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు నాలిక మీద ఏమీ తెలియలేదు. బజారంతా గోల, ఇత్తడి సామాన్లు, తోపుడు బళ్లు, ఎవడో ఎవణ్నో పిలుస్తున్నాడు. నాకొక్కడికే చెమటలు.

శుక్రవారం, సొంత ఊళ్లో లాడ్జి

బ్రేకు కట్టలు మార్చేసరికి ఆలస్యమైంది, కొత్త సీలు పని మర్నాటికి మిగిలింది. ఇంటికి వెళ్లి ఆ గేటు దాటే ధైర్యం లేక స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. పుట్టి పెరిగిన సికింద్రాబాద్‌లో డెబ్బై నాలుగేళ్లకి లాడ్జి గది తీసుకున్నాను. పొద్దున కౌంటరులో కుర్చీ వేసుకున్న మేనేజరు అడిగాడు.

"ఏ ట్రెయిన్ సార్ మీది?"

"ట్రెయిన్ లేదు. కాప్రా వెళ్లాలి."

"కాప్రా పోనీకి లాడ్జా?" గొంతు తగ్గించాడు. "ఇంట్ల లొల్లా సార్? పరేషాన్ గాకండి, గీడికి మస్తుమంది వస్తరు."

భాగ్యమ్మ ఫోను చేసింది. "ఆపరేషన్ అయిందంట. రాడ్డు ఏసిన్రంట. ఇంక నిలవెట్టలె. నడుస్తదో లేదో పది దినాలు వోతెగాని చెప్పలేమన్నరంట."

ఆసుపత్రి అక్కణ్నుంచి నడిచే దూరమే. జామకాయల సంచి పట్టుకుని వెళ్లాను. రెండో అంతస్తు అన్నారు. మెట్ల మలుపు దాకా ఎక్కాను. పైనుంచి ఎవరో ఆడమనిషి మూలుగు వినిపించింది. ఆమెదో, మరెవరిదో. అక్కడే నిలబడ్డాను. దిగి వచ్చేశాను. సంచి నా చేతిలోనే ఉంది. ఈ సంగతి రాయకుండా దాటెయ్యొచ్చు. రాస్తున్నాను.

కొత్త సీలు వేసి, మళ్లీ తుడిచి, బజారులో కొన్న పౌడరు చల్లి, పరేడ్ గ్రౌండ్ వైపు రెండు చుట్లు తిప్పాను. లోపల ఒక ఆశ. పాత సీలు దానంతటదే అరిగిపోయి ఉంటే, అది నా తప్పు కాదు, వయసు తప్పు. దిగి చూశాను. అదే చక్రం, అదే చోట, కొత్త సీలు పక్కనుంచి సన్నటి నల్ల గీత.

యాదగిరి వేలితో తుడిచి చూశాడు. "సీలు మంచిదే సార్. లోపల్నుంచి ఎవడో నూకుతున్నడు."

"ఎవడు?"

"గది నాకు తెల్వదు. నేరేడ్‌మెట్‌ల బాలయ్య అని ఉన్నడు, మిలట్రీల బండ్లు బాగు చేసి రిటైరైండు. ఆయన దగ్గరికి పోండి. ఇంకెవ్వరి తోని గాదు."

నేరేడ్‌మెట్!

శనివారం, నేరేడ్‌మెట్

పల్లాలు లేని దారి వెతుక్కుంటూ, ప్రతి స్కూలు దగ్గరా గుండె చేత్తో పట్టుకుని, రెండో గేరులో వెళ్లాను. ఒక గల్లీలో బంతి రోడ్డు మీదికి దొర్లి వచ్చింది. బ్రేకు పట్టింది, ఆగాను. బంతి వెనక పిల్లలెవరూ రాలేదు. అయినా చాలాసేపు కదల్లేకపోయాను.

బాలయ్య ఇంటి ముందు రేకుల షెడ్డు. ఆయనకి నా వయసే, నడుం మాత్రం నిటారు. బళ్లు బాగుచేసే మిగతా వాళ్లు ఇంజను చల్లారనిమ్మంటారు. ఈయన చల్లారితే ముట్టుకోనన్నాడు. "జ్వరమున్నప్పుడే నాడి చూడాలె సాబ్." వేడి బండి కింద చాప పరిచి దూరాడు. ఇరుసుకి నూనె పోసే బిరడా ఉంటుంది. దాన్ని పానాతో ఒక చుట్టు తిప్పాడు.

ఉస్సుమంది. మూత తీసిన కుక్కరులా గాలి తన్నుకొచ్చింది.

బాలయ్య బిరడా బిగించేశాడు. కిందనుంచే ఇరుసు పైభాగం చేత్తో తడిమాడు.

"గీడ ఒక చిన్న బొక్క ఉండాలె. మీద టోపీ ఉంటది. గది ఏది సాబ్?"

ఆయన వేలు ఒక చోట ఆగింది.

"గీ టంకం ఏసిన మహానుభావుడెవడు? పనితనం మస్తుగుంది. ఫస్ట్ క్లాస్ పని."

అప్పుడు ఎవరి పేరైనా చెప్పి ఉండొచ్చు. పాత మెకానిక్ అనొచ్చు, అమ్మినవాడు అనొచ్చు. బాలయ్య నన్ను చూడ్డం లేదు, జీపు కింద ఉన్నాడు.

"నేనే" అన్నాను.

పోయిన వేసవిలో ఆ బొక్క దగ్గర నూనె చెమర్చడం చూశాను. నలభై ఏళ్లు మోటార్ల పని చేసినవాణ్ని. మా పనిలో బొక్క కనిపిస్తే మూసెయ్యడమే. తేమ దూరిందంటే చుట్టిన తీగంతా కాలిపోతుంది. చెదలు తిన్న పేజీల్లో దీని గురించి ఏముందో నాకు తెలియదు. టోపీ పీకేసి, తగరం కరిగించి, నున్నగా టంకం వేసి, మురిసిపోయాను. నేను చేసిన బందోబస్తు అదే.

ఎందుకు మూశానో విని బాలయ్య బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"చెమర్చాలె సాబ్. బండి ఊపిరి దీస్కునేది గాడనే. నడిస్తే లోపల గాలి వేడైతది, గాడికెల్లి పోతది. ముక్కు మూస్తే ఏం జేస్తది, నోట్లకెల్లి కక్కుతది. చక్రాల సీళ్లే దాని నోరు."

"పోయిన ఆదివారం సాయంత్రం కాప్రా చెరువు రోడ్డు మీద తిప్పి తెచ్చి నిలబెట్టాను" అన్నాను. "తెల్లారేసరికి..."

"ఆ, తెల్లారెదాక కారుతనే ఉంటది. ఎందుకు సాబ్, ఎవలకన్న దెబ్బ తాకిందా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. మూడు రోజుల్లో మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి ఎనామిల్ ప్లేటులో రెండు చపాతీలు, పప్పు తెచ్చి పెట్టాడు. సైన్యంలో అలవాటట, చెడ్డ కబురు విన్నవాడికి ముందు అన్నం పెడతారట. మా వైపు చెడ్డ కబురు వింటే పొయ్యి వెలిగించరు. ఆయన పద్ధతే మంచిదనిపించింది. సగం తిన్నాను.

టంకం వేడి చేసి ఆయనే తీసేశాడు. బిగించిన కొత్త టోపీ శనగగింజ అంత ఉంది.

తిరిగి కాప్రా

జీపు బాలయ్య షెడ్డులోనే వదిలి ఇంటికి నడిచాను. ఆదివారం వచ్చింది, పోయింది. సంఘం వాళ్లు ఖాళీ చోటు చూసుకుని వెళ్లారు. కాగితం గేటు మీదే ఉంది.

నాలుగో ఉత్తరం రాశాను. సంఘానికి కాదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన సుభద్రమ్మ గారికి. రెండు పేజీలు. నూనె నాదేనని, బొక్క మూసింది నేనేనని, ఎలా తేలిందో దారి మొత్తం వరసగా రాశాను. అయినా పాత అలవాటు పోక, "ట్రే పొర్లలేదని ఆ క్షణంలోనే వంగి చూశాను, అందుకే మొదట నాది కాదని నమ్మాను" అని కూడా రాశాను. భాగ్యమ్మ చేతికిచ్చి పంపాను. నేను వెళ్లలేదు.

తొమ్మిది రోజులు జవాబు రాలేదు. ఆమె ఇంటి తలుపు చప్పుడైతే లేచి నిలబడేవాణ్ని. ఎవరైనా వీధిలో గట్టిగా మాట్లాడితే ఆమెకేమైందోనని ఉలిక్కిపడేవాణ్ని. ఆలుగడ్డబావి దిగుడులో పడ్డ భయం దీని ముందు ఏ మూలకి.

పదో రోజు నా ఉత్తరమే తిరిగొచ్చింది. ఎర్ర పెన్నుతో పద్ధెనిమిది చోట్ల దిద్ది ఉంది. ట్రే గురించి రాసిన వాక్యం కింద మాత్రం దిద్దుబాటు లేదు, గీత ఉంది. రెండో పేజీ కింద, వంకరపోయిన అక్షరాలతో ఇలా ఉంది:

"రాజలింగం గారికి, నూనె మీదేనని నాకు ఆ పొద్దుటే తెలుసండి. నాకు తెలియనిది మీరు రాశారు, ఎందుకు కారిందో. అది సరే. నేను కింద పడి ఉన్నాను, మీరు పరుగెత్తుకొచ్చారు. ముందు జీపు కింద చూశారు. తర్వాత నన్ను చూశారు. తుంటి నొప్పి మందులకి తగ్గుతోంది. గేటు మీది కాగితం గురించి సంఘం వాళ్లు నన్నూ అడగలేదు. నిన్న నాలుగడుగులు వేశాను. గేటు దాకా నడిచొచ్చిన రోజు దాన్ని నా చేత్తో నేనే చింపుతాను. అందాకా మీరు ముట్టుకోకండి."